పోసిన నూనె ఎటు పోయింది?

"నాకు తెలియదు" అన్న మాటకు మన లోకంలో మంచి చెలామణి ఉంది. తెలిసి చేసినవాడు దోషి, తెలియక చేసినవాడు అమాయకుడు అని చిన్నప్పటినుంచి వింటూ పెరిగాం. తెలిసి తొక్కినా తెలియక తొక్కినా నిప్పు కాలక మానదని చెప్పిందీ మన పెద్దవాళ్లే. నిప్పుకు ఆ తేడా లేదు, సరే. మనిషి పెట్టుకున్న తేడా ఎంతవరకు న్యాయం? తెలియకపోవడం అంతా ఒకే రకం కాదు గదా. తెలుసుకునే దారే లేక తెలియకపోవడం ఒకటి. దారి ఎదురుగా ఉన్నా అటు తల తిప్పకపోవడం ఇంకొకటి. ఈ రెండో రకానికి ఏ పేరు పెట్టాలి? దాని మీద ఎంత బాధ్యత మోపాలి?

ఈ ప్రశ్నకు నాకు దొరికిన ఉదాహరణ పురాణాల్లోది కాదు, లారీలోది. నేను కామర్సు చదువుకుని బ్యాంకులో చేరినవాణ్ణి. మా హోసూరుకు 1980 లో అశోక్ లేలాండ్ ఫ్యాక్టరీ వచ్చింది. బెంగుళూరు నుంచి కృష్ణగిరి, ధర్మపురి దాటి సేలం పోయే 44వ నంబరు జాతీయ రహదారి మా ఊరిమీదుగానే పోతుంది. కాబట్టి బ్యాంకులో లారీ అప్పులు ఎక్కువే. అప్పు ఇచ్చే ముందు బండిని చూడాలి, అప్పు మొండికేస్తే మళ్లీ వెళ్లి చూడాలి. అట్లా వెళ్లి మరమ్మతు షెడ్లలో నిలబడి విన్న మాటల్లో బ్యాంకు కాగితాలకెక్కనివి చాలా ఉన్నాయి. పవర్ స్టీరింగు సంగతి వాటిలో ఒకటి.

పాత లారీల్లో ముందు చక్రాలను తిప్పింది డ్రైవరు భుజబలమే. బరువెక్కిన లారీ ముందు ఇరుసు మీద ఆరేడు టన్నులు కూర్చుంటాయి. నిలిచి ఉన్న బండిని పక్కకు తిప్పాలంటే స్టీరింగుకు వేలాడినంత పని. ఈ కష్టం చూసి ఉపాయం వెతికినవాడు ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికా ఇంజనీరు. పియర్స్ ఆరో అనే కంపెనీలో లారీల విభాగంలో పనిచేసిన మనిషి. నూనె ఒత్తిడితో చక్రాలు తిప్పే యంత్రాన్ని తయారుచేసి 1926 లో ఒక బండికి అమర్చి చూపాడు. మామూలుగా అమ్మే కారులోకి అది వచ్చింది 1951 లో, క్రిస్లర్ ఇంపీరియల్‌తో. మన దేశంలో అశోక్ లేలాండ్ 1969 లో తన బండ్లకు పవర్ స్టీరింగు ఇచ్చింది. అయినా మన రోడ్ల మీద అది మామూలు సంగతి కావడానికి చాలా ఏళ్లు పట్టింది. భుజాలు దిగిపోయిన పాతతరం డ్రైవర్లు ఇప్పటికీ మన ఊళ్లలో ఉన్నారు.

యంత్రం చెప్పుకోవడానికి సులువే. ఇంజను తిప్పే ఒక పంపు, చిన్న తొట్టిలోని నూనెను పీల్చి గట్టి హోసు పైపు గుండా స్టీరింగు బాక్సులోకి నెడుతుంది. డ్రైవరు స్టీరింగును ఏ పక్కకు తిప్పితే, బాక్సులోని వాల్వు ఆ పక్కకు నూనెను పంపుతుంది. ఆ ఒత్తిడికి పిస్టను కదులుతుంది. పిస్టను డ్రాప్ ఆర్మును, అది డ్రాగ్ లింకును, అది ముందు చక్రాలను తిప్పుతాయి. పని ముగించిన నూనె ఇంకో పైపు గుండా తొట్టికి తిరిగి వస్తుంది. లోపలి ఒత్తిడి 100 బార్లు దాటుతుంది, పెద్ద బండ్లలో 150 దాకా పోతుంది. కారు టైరులో గాలి ఒత్తిడి రెండు బార్లకు కాస్త పైన ఉంటుందంటే, ఆ హోసు పైపు ఎంత భారం మోస్తోందో ఊహించుకోవచ్చు.

ఇంత భారం జరుగుతున్నా డ్రైవరు చేతికి తగిలేది తేలికదనం ఒక్కటే. మనం ఆలోచించవలసింది ఇక్కడే. బరువు ఎక్కడికీ పోలేదు. ఆ ఆరేడు టన్నులూ అక్కడే ఉన్నాయి. మారిందల్లా, ఆ బరువు చేతికి తెలియకుండా పోవడం. పాత స్టీరింగులో ఏదైనా అరిగినా, బిగుసుకున్నా, వదులైనా ఆ సంగతి తనంతట తాను డ్రైవరు చేతుల్లోకి వచ్చి చెప్పేది. జబ్బ నొప్పే కబురు. పవర్ స్టీరింగులో చిన్న చిన్న లోపాలను నూనె ఒత్తిడి చాలాకాలం కప్పిపుచ్చుతుంది. చేతికి అంతా బాగున్నట్టే ఉంటుంది. అందుకే ఒకప్పుడు చేతులు చేసిన పనిని ఇప్పుడు కళ్లూ చెవులూ చెయ్యాలి. తొట్టి మూత తీసి చూడాలి. పంపు మూలుగు వినాలి. సుఖం ఇచ్చిన యంత్రం, దానితోపాటే చూసే బాధ్యతను కూడా ఇచ్చింది. మనం మొదటిదాన్ని తీసుకుని రెండోదాన్ని షెడ్డులోనే వదిలి వస్తున్నాం.

ఒక షెడ్డులో ఇద్దరి మాటలు నా చెవిన పడ్డాయి. డ్రైవరు నూనె డబ్బా అడుగుతున్నాడు, మేస్త్రీ ఇవ్వడం లేదు.

"పోయిన వారం అర లీటరు పోస్తివి గదన్నా. అది యాడికి పోయింది?"

"యాడికో పోయింది. ఇంకో అర లీటరు పోస్తే సేలం పోయొస్తా."

"తాగేదానికి ఇది ఇంజను ఆయిలు కాదన్నా. పోసింది పోసినట్టే ఉండాల."

మేస్త్రీ చెప్పిన ఆ చివరి మాట నాకు బాగా నచ్చింది. డీజిలు ఖర్చవుతుంది, అది దాని ధర్మం. ఇంజను ఆయిలు కొంత మండిపోతుంది. బ్రేకు నూనె మట్టం కూడా లైనింగులు అరిగేకొద్దీ కొన్ని బండ్లలో తగ్గుతుంది. స్టీరింగు నూనెకు మాత్రం ఖర్చయ్యే దారి లేదు. అది మూసిన దారిలో తిరిగేది. కాలం గడిచి చెడిపోవచ్చు, దాన్ని మార్చవలసి రావచ్చు, అంతేగాని తగ్గకూడదు. తగ్గిందంటే ఎక్కడినుంచో బయటికి పోయినట్టే. కాబట్టి తొట్టిలో మట్టం తగ్గడం ఒక లోటు కాదు, ఒక కబురు. దాన్ని లోటుగా చూసినవాడు నూనె పోస్తాడు. కబురుగా చూసినవాడు కారణం వెతుకుతాడు.

వెతకడానికి మన భాషలోనే మంచి మెట్లున్నాయి. చెమర్చడం వేరు, చుక్క కట్టడం వేరు, కారడం వేరు. హోసు పైపు మూతి దగ్గర దుమ్ము నల్లగా అంటుకుని చెమర్చితే, కనిపెట్టి ఉండవలసిన దశ. చుక్క కట్టి రాలితే, బండి ఆపి బాగుచేయించవలసిన దశ. కారుతూ ఉంటే, తిరగకూడని దశ. నాలుగోది ఇంకొకటి ఉంది, అది కంటికి కనబడదు. కొన్ని ఇంజన్లలో స్టీరింగు పంపు నేరుగా ఇంజను గేర్లకు బిగించి ఉంటుంది. ఆ పంపు ఇరుసు సీలు అరిగితే నూనె ఇంజనులోకే పోతుంది. నేల మీద ఒక్క చుక్క పడదు. బండి కింద దూరి చూసినవాడికి అంతా పొడిగా, శుభ్రంగా కనిపిస్తుంది. తొట్టిలో మట్టం మాత్రం దిగుతూ ఉంటుంది. అక్కడ మనిషికి మిగిలిన సాక్ష్యం ఒక్కటే: ఎప్పుడు ఎంత పోశామన్న లెక్క.

చిహ్నాలు ఇంకా ఉన్నాయి. స్టీరింగు తిప్పినప్పుడల్లా పంపు మూలిగితే నూనె తక్కువైనట్టో, లోపల గాలి చేరినట్టో. తొట్టిలో నురగ కనిపించినా, ఇంజను ఆపగానే మట్టం బాగా పైకి లేచినా గాలి చేరినట్టే. ఎర్రగా ఉండవలసిన నూనె నల్లబడి మాడు వాసన వస్తే లోపల వేడి మితిమీరినట్టు. స్టీరింగును ఒక చివరికి తిప్పి అట్లాగే పట్టుకుని ఉంచే అలవాటున్న డ్రైవర్ల బండ్లలో ఇది తొందరగా వస్తుంది. మరమ్మతు చేసే తీరుకూ ఒక క్రమం ఉంది. ముందు అంతా కడిగి తుడవాలి, అప్పుడే కొత్త చెమ్మ కనిపిస్తుంది. ఇంజను నడుస్తుండగా ఒకరు స్టీరింగు తిప్పాలి, ఒకరు చూడాలి. ఎక్కడ చిమ్ముతోందో చేత్తో తడమకూడదు. ఆ ఒత్తిడిలో సన్నటి నూనె ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అట్టముక్క అడ్డంపెట్టి చూడాలి. లోపం దొరికాక పైపో, సీలో, వాషరో మార్చాలి. ఫిల్టరు మార్చి, కంపెనీ చెప్పిన నూనె మాత్రమే పోయాలి. ముందు ఇరుసును జాకీ మీద ఎత్తి, బుడగలు రావడం ఆగేదాకా స్టీరింగును ఈ చివరినుంచి ఆ చివరికి నిదానంగా తిప్పి గాలి తీయాలి.

ఇంత పనికి పూట పడుతుంది. మూత తీసి అర లీటరు పోయడానికి రెండు నిమిషాలు చాలు. పైగా పోయడం కూడా శ్రద్ధలాగే కనిపిస్తుంది. అదే దానిలోని మాయ. పోసినవాడు తాను బండిని చూసుకుంటున్నాననే అనుకుంటాడు. నిజానికి అతడు బండి పంపిన కబురును చెరిపేశాడు. మూలుగు ఆగింది, మట్టం గీత దగ్గరికి వచ్చింది, లోపం మాత్రం అక్కడే ఉంది. పోసేటప్పుడు దుమ్ము పట్టిన గరాటు వాడితే ఆ దుమ్ము పంపులోకి పోయి దాన్ని కూడా అరగదీస్తుంది. అంటే ఊరికే పోయడం లోపాన్ని ఉన్నచోట ఉంచడం కూడా కాదు, పెంచడం.

ఒక చేదు సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. హోసు పైపు పగిలి నూనె అంతా పోయినా స్టీరింగు పూర్తిగా తెగిపోదు. డ్రైవరు చేతినుంచి చక్రాలదాకా ఇనుప బంధం అట్లాగే ఉంటుంది. కానీ ఇన్నాళ్లూ నూనె మోసిన బరువంతా ఒక్కసారిగా చేతుల మీద పడుతుంది. అది ఖాళీ మైదానంలో జరిగితే తిట్టుకుంటూ పక్కకు ఆపవచ్చు. ధర్మపురి దాటాక తొప్పూరు ఘాటు దిగుతూ మలుపులో జరిగితే? ఆ దిగువలో జరిగిన లారీ ప్రమాదాల సంగతి ఈ దారిన తిరిగేవాళ్లందరికీ తెలుసు. అక్కడ ఎదుటినుంచి వచ్చే స్కూటరు మనిషికి, మన తొట్టిలో నూనె మట్టం గురించి తెలుసుకునే దారి ఏదీ లేదు. నిజంగా తెలియనివాడు అతడు. మనం కాదు.

ఇంగ్లండులో విలియం కింగ్‌డన్ క్లిఫర్డ్ అనే గణిత పండితుడు 1877 లో నమ్మకాల నీతి గురించి ఒక వ్యాసం రాశాడు. అందులో ఒక ఓడ యజమాని ఉదాహరణ చెప్పాడు. ఓడ పాతది. మరమ్మతు అవసరమేమోనన్న అనుమానం యజమానికి వస్తుంది, ఖర్చు తలుచుకుని బాధపడతాడు. ఇన్ని ప్రయాణాలు చేసిన ఓడ ఇదొక్కటి చేయదా అని తనకు తానే సర్దిచెప్పుకుంటాడు. కొన్నాళ్లకు నిజంగానే నమ్ముతాడు. వలసపోయే కుటుంబాలను ఎక్కించి నిండు మనసుతో సాగనంపుతాడు. ఓడ నడిసముద్రంలో మునిగితే బీమా డబ్బు తీసుకుని ఊరుకుంటాడు. అతడి నమ్మకం నిజాయితీ గలదే, కానీ అట్లా నమ్మే హక్కు అతడికి లేదంటాడు క్లిఫర్డ్. అంతటితో ఆగడు. ఓడ మునగకుండా క్షేమంగా చేరినా యజమాని దోషమేమీ తగ్గదంటాడు. ఇది మొదట చదివినప్పుడు అతిగా తోచవచ్చు. స్టీరింగు తొట్టి ముందు నిలబడి ఆలోచిస్తే సరిగ్గా తోస్తుంది. అర లీటరు పోసుకుని సేలం పోయి క్షేమంగా తిరిగొచ్చిన డ్రైవరు "చూస్తివా, ఏమీ కాలేదు" అంటాడు. ఏమీ కాకపోవడం అతడి జాగ్రత్త వల్ల కాదు. ఎదుటివాళ్ల అదృష్టాన్ని అడగకుండా వాడుకున్నాడు, అంతే.

మన చట్టం కూడా ఈ దారిలోనే ఆలోచించింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను, ప్రమాదకరమైన లోపమున్న బండిని నడిపినవాణ్ణే కాదు, నడపనిచ్చినవాణ్ణి కూడా తప్పుపడుతుంది. ఆ లోపం తెలిసి ఉండాలని కూడా అడగదు. మామూలు జాగ్రత్త తీసుకుంటే తెలిసి ఉండేదే అయితే చాలు. పెద్ద పాండిత్యం కాదు, మామూలు జాగ్రత్త. ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏడాదికొకసారి ఫిట్‌నెస్ చూస్తారు. ఆ ఒక్కరోజు బండిని చూసేది ప్రభుత్వం. మిగతా 364 రోజులూ చూడవలసింది మామూలు జాగ్రత్తే.

ఇప్పుడు ఎదుటి పక్షం మాట కూడా వినాలి. ఒక్క లారీ ఉన్న మనిషికి బండి ఒకరోజు ఆగితే ఆ రోజు రాబడి లేదు. వాయిదా తేదీ ఆగదు. జీతానికి నడిపే డ్రైవరు "నూనె దిగుతోంది" అని ఫోను చేస్తే, "పోసుకుని పో" అనేది యజమాని. సరుకు తొందరగా చేరాలనేది వ్యాపారి. లోపం తెలిసేది ఒకరికి, ఖర్చు పెట్టవలసింది ఇంకొకరు, తొందరపెట్టేది మరొకరు. అందరి మధ్యా బాధ్యత ఆ నూనెలాగే కారిపోతుంది. ఈ వరసలో బ్యాంకు కూడా ఉంది, దాన్ని తప్పించి మాట్లాడడం న్యాయం కాదు. లారీ అప్పుకు వచ్చే ప్రాజెక్టు రిపోర్టులో మరమ్మతుల పద్దు ఒకటుంటుంది. ఆ అంకె తగ్గితే మిగులు పెరుగుతుంది, వాయిదా కట్టే శక్తి కాగితం మీద బలంగా కనిపిస్తుంది. కాబట్టి అంకెలు కుదరనప్పుడు కత్తిరించడానికి అందరికీ ముందు కనిపించేది ఆ పద్దే. కాగితం మీద కోసిన ఆ అంకె, రోడ్డు మీద హోసు పైపు రూపంలో ఉంటుంది. లెక్కలు రాసేవాళ్లూ చదివేవాళ్లూ ఈ రెంటినీ కలిపి చూడకపోతే, "మాకు తెలియదు" అనే హక్కు వాళ్లకూ లేదు. మరమ్మతుల పద్దును కాపాడవలసినవాడు అప్పిచ్చినవాడే.

తరుగుదల గురించి మా కామర్సు పుస్తకాల్లో చదువుకున్నాం. అద్దెకు తిప్పే లారీకి ఆదాయపు పన్ను లెక్కల్లో ఏటా 30 శాతం తరుగు రాసుకోనిచ్చారు. కానీ తరుగు రాయడం వేరు, తరుగును చూడడం వేరు. పుస్తకంలో రాసిన తరుగుకు ఒక్క రూపాయి కూడా పక్కన పడదు, ఒక్క సీలు కూడా మారదు.

బ్యాంకులకు కూడా నూనె పోసే అలవాటు ఒకటుంది. వడ్డీ కట్టలేని ఖాతాకు కొత్త అప్పిచ్చి, దానితోనే పాత వడ్డీ కట్టించుకుంటే ఖాతా ఆరోగ్యంగా కనిపిస్తుంది. మట్టం గీత దగ్గరే ఉంటుంది. నరసింహం కమిటీ 1991 లో చెప్పాక, 1992-93 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనలు మార్చింది. రాని వడ్డీని వచ్చినట్టు రాసుకోకూడదంది. 2004 మార్చి నుంచి 90 రోజులు బాకీ పడితే ఖాతా మొండిదని ఒప్పుకోవాలంది. ఆ నిబంధనల సారమంతా మేస్త్రీ అడిగిన ప్రశ్నే: పోసింది ఎటు పోయింది?

అట్లాగని ఎప్పుడూ పోయనే కూడదని నేననను. రాత్రిపూట, సరుకుతో, ఊరికి దూరంగా మట్టం తగ్గితే నూనె పోసి నిదానంగా దగ్గరి షెడ్డుకు చేరడమే తెలివి. అప్పుడు పోయకపోవడమే తప్పు. వాయిదా వెయ్యడం పాపం కాదు. పేదవాడి బతుకంతా వాయిదాలే. అయితే వాయిదాకూ దాచిపెట్టడానికీ మధ్య గీత ఒకటి ఉండాలి. ఆ గీత, నాకు తోచినంతలో, ఒక చిన్న నోటుపుస్తకం. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఎంత నూనె పోశామో రాసుకోవడం. రాసినవాడు లోపాన్ని ఒప్పుకున్నాడు, గడువు మాత్రం అడిగాడు. రాయనివాడు లోపమే లేదన్నాడు. ఇద్దరూ పోసింది అదే అర లీటరు, కానీ చేసిన పని ఒకటి కాదు. నేల మీద చుక్క పడని లోపం కూడా ఆ పుస్తకంలో మాత్రం దాగదు. నెలకు రెండుసార్లు పోసింది, వారానికి రెండుసార్లు అయిందని అంకెలే అరిచి చెబుతాయి. డ్రైవరు మారినా కొత్త డ్రైవరుకు తెలుస్తుంది. యజమాని "నాకెవరూ చెప్పలేదు" అనడానికి వీలుండదు.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. తెలుసుకునే దారి లేనివాడు అమాయకుడే. దారి ఉండీ చూడనివాడు అమాయకుడు కాడు. తెలియకపోవడాన్ని అతడు డబ్బిచ్చి కొనుక్కున్నాడు, ఆ ధర అర లీటరు నూనె. మన బతుకుల్లో బరువులు మోసే యంత్రాలు పెరుగుతున్నాయి, ఇంకా పెరుగుతాయి. చేతికి తెలియని బరువును మనసు గుర్తుపెట్టుకోవలసిందే. డ్యాష్‌బోర్డు అరలో పది రూపాయల నోటుపుస్తకం, దారంతో కట్టిన పెన్సిలు ఉంటే అందుకు సగం పని అయినట్టే. మిగతా సగం, మూత తీసి చూడడం.